పైన దుంప – కింద కథ

ఇంగ్లీషువాళ్ళ 'పై'కీ, మన తెలుగు 'పైన'కీ ఏ చుట్టరికమూ లేదు. అయినా షెపర్డ్స్ పై అనే వంటకం దగ్గర మాత్రం రెండూ చక్కగా కలిశాయి. కింద కైమా కూర, పైన మెత్తగా మెదిపిన బంగాళాదుంప, ఆ దుంప మీద ఎర్రగా కాలిన పొర. అంతే వంటకం! మిగతా పైలకు ఉన్నట్టు దీనికి పిండి రొట్టె మూత ఉండదు. ఆ మూత పని దుంపే చేసి పెడుతుంది. షెపర్డ్ అంటే గొర్రెల కాపరి కదా, అంచేత గొర్రె మాంసంతో చేస్తే షెపర్డ్స్ పై అనీ, గొడ్డు మాంసంతో చేస్తే కాటేజ్ పై అనీ ఇంగ్లండులో పట్టింపు గలవాళ్ళు అంటారు.

మాంసం ముట్టని సోదరీమణులు అప్పుడే పేజీ తిప్పెయ్యకండి. ఈ వంటకం చరిత్రలో మాంసం పాత్ర మీరనుకున్నంత పెద్దదేం కాదు. దుంప పాత్ర పెద్దది. ఇల్లాలి పాత్ర అంతకన్నా పెద్దది.

ఇప్పుడు మన విజయవాడలో కూడా చాలా ఇళ్ళల్లో కరెంటు ఓవెన్లు వచ్చాయి. పిల్లలు అమెరికా నుంచీ ఆస్ట్రేలియా నుంచీ వచ్చినప్పుడు ఈ పైలూ, బేకులూ చేసి పెట్టమంటారు. చేసిన తల్లులందరిదీ ఒకటే మాట: "బాగానే ఉందండీ, కానీ తిన్నాక రాయి మింగినట్టుంది. దీన్ని కాస్త తేలిగ్గా చేసుకునే మార్గం లేదా?" ఉంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అది పుట్టినప్పుడు తేలికైన వంటకమే. బరువు తర్వాత ఎక్కింది. ఎక్కడ ఎక్కిందో తెలిస్తే ఎక్కడ దించాలో కూడా తెలుస్తుంది. అందుకే ముందు చరిత్ర, ఆ తర్వాత వంట.

కాటేజ్ పై అన్న పేరు 1791 నాటికే ఇంగ్లండులో వాడుకలో ఉంది. కాటేజ్ అంటే పూరిల్లు. పేరులోనే తెలుస్తోంది చూశారా, అది జమీందార్ల భోజనం కాదు. షెపర్డ్స్ పై అన్న పేరు తర్వాత అరవై ఏళ్ళకు, 1850ల ప్రాంతంలో అచ్చులో కనబడుతుంది. మాంసాన్ని కైమా కొట్టే చేతి మిషను 1870ల నుంచి ఇళ్ళల్లోకి వచ్చాక ఈ వంట ఊరూరా పాకింది.

దీని వెనక ఉన్న లెక్క చాలా చిన్నది. ఆదివారం ఇంట్లో పెద్ద మాంసం ముక్క కాలుస్తారు. ఆరోజు వేడివేడిగా తింటారు. సోమవారానికి ఎముక చుట్టూ కాస్త చల్లారిన మాంసం మిగులుతుంది. నలుగురికి వడ్డిస్తే తలా ఒక ముక్క కూడా రాదు. ఇల్లాలు ఏం చేసేది? ఆ ముక్కల్ని సన్నగా తరిగి, ఉల్లిపాయలూ, క్యారెట్టూ, ఉన్న కూరముక్కలూ కలిపి, మాంసం ఉడికిన పులుసే పోసి, పైన చవగ్గా దొరికే దుంపను మెదిపి కప్పేది. గుప్పెడు మాంసం ఆరుగురికి వచ్చేది. పొయ్యి పక్కన పెడితే పైపొర ఎర్రబడేది. వెన్న గుండలు గుండలుగా పోయడానికి పూరింట్లో వెన్నేదీ? ఉంటే సంతలో అమ్ముకునేవాళ్ళు. కాబట్టి అసలు షెపర్డ్స్ పై అంటే కొంచెం మాంసం, ఎక్కువ కూరలు, చాలినంత దుంప, అంటీ అంటనట్టు కొవ్వు. ఇవాళ డాక్టర్లు మనకు రాసిచ్చే చీటీ కూడా ఇంచుమించు ఇదే!

ఇక దుంప సంగతి. ఇది ఇంగ్లండుది కాదు, బంగాళానిదీ కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద, ఇప్పటి పెరూ దేశం వైపు, వేల ఏళ్ళ నాటి నుంచి పండుతున్న పంట. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు ఐరోపాకు పట్టుకొచ్చారు. తెచ్చారే గాని జనం నోట పెట్టలేదు. మట్టిలో పుట్టేది, బైబిల్లో లేనిది, తింటే కుష్ఠు వస్తుందని భయపడ్డారు. ఫ్రాన్సులో 1748లో పారిస్ పార్లమెంటు ఏకంగా నిషేధమే పెట్టింది.

ఆ నిషేధాన్ని తుడిపేసినవాడు పార్మాంటియే అనే మందుల నిపుణుడు. యుద్ధంలో ప్రష్యావాళ్ళకు చిక్కి, జైల్లో దుంపలే తిని బతికి బయటపడ్డాడు. తిన్నాక కుష్ఠూ రాలేదు, చావూ రాలేదు. ఇంటికొచ్చి దుంప తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. 1772లో పారిస్ వైద్యులు దుంప తినొచ్చని ఒప్పుకున్నారు. అయినా జనం కదల్లేదు. అప్పుడాయన రాజుగారిచ్చిన పొలంలో దుంపలు వేయించి, పగలంతా సిపాయిల్ని కాపలా పెట్టించి, రాత్రి కాపలా తీయించేశాడని ఒక కథ చెబుతారు. ఇంత కాపలా పెట్టారంటే ఏదో గొప్ప వస్తువే అయ్యుంటుందని చుట్టుపక్కలవాళ్ళు రాత్రిళ్ళు దొంగిలించుకుపోయి తమ దొడ్లలో నాటుకున్నారట! పిల్లలచేత కూర తినిపించడానికి మనం పడే తంటాలు గుర్తొచ్చాయా? కైమా మీద మెదిపిన దుంప కప్పి కాల్చే వంటకాన్ని ఫ్రెంచివాళ్ళు ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

మన దగ్గరకు వద్దాం. పోర్చుగీసువాళ్ళు పడమటి తీరంలో దింపిన దుంపను బటాటా అన్నారు. బొంబాయిలో ఇప్పటికీ అదే పేరు. బంగాళంలో ఇంగ్లీషువాళ్ళు పంటగా పెంచారు. నీలగిరుల్లో 1820లలో సల్లివన్ అనే కలెక్టరు ఊటీ చలిలో నాటించాడు. తెలుగుదేశంలో దీనికి ఉన్న పేర్లు చూస్తే ఏ దారిన వచ్చిందో కాస్త ఊహించుకోవచ్చు. కోస్తావాళ్ళకు బంగాళాదుంప. రాయలసీమవాళ్ళకు అరవదేశపు మాట వినిపించే ఉర్లగడ్డ. తెలంగాణావాళ్ళకు ఉత్తరాది ఆలూతో కలిసిన ఆలుగడ్డ. ఒకే దుంప, మూడు దిక్కుల నుంచి మూడు పేర్లు!

ఇది పరాయిది అన్న సంగతి మనం ఒక్కచోట మాత్రం ఇంకా మరిచిపోలేదు. తద్దినం వంటలో. ఆచారం పాటించే ఇళ్ళల్లో ఆరోజు బంగాళాదుంప ఉండదు, క్యాబేజీ ఉండదు, టమాటా ఉండదు. కంద, చేమ, అరటికాయ, కాకర వంటివే ఉంటాయి. మిరపకాయ బదులు మిరియం పడుతుంది. ఎందుకని చిన్నప్పుడు అడిగితే "పితృదేవతలకు పనికిరావే" అనేవారు. అందులో చరిత్ర ఉంది. మిరపకాయా, టమాటా, బంగాళాదుంపా మూడూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. మన ముత్తాతల ముత్తాతలు వాటిని ఎరగరు. వాళ్ళు ఎరగని కూర వాళ్ళకు పెట్టరు, అంతే. మ్యూజియంలో రాళ్ళు దాచినట్టు, మన ఆడవాళ్ళు తద్దినం వంటలో నాలుగు వందల ఏళ్ళ కిందటి కూరగాయల పట్టీని దాచిపెట్టారన్నమాట. మర్నాడు మళ్ళీ పూరీ, బంగాళాదుంప కూర!

దుంప ఎంత మంచిదైనా, ఒక్క దుంపనే నమ్ముకుంటే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. ఐర్లండులో పేదవాళ్ళు మూడు పూటలా దుంపే తినేవారు. అందులోనూ ఒక్క రకమే ఎక్కువగా వేసేవారు. 1845లో తెగులొచ్చి పంట కుళ్ళిపోయింది. వరసగా కొన్నేళ్ళు అదే తంతు. సుమారు పది లక్షలమంది పోయారు, అంతకు మించి దేశం విడిచి ఓడలెక్కారు.

ఆ కరువుకు పన్నెండేళ్ళ ముందే మన కృష్ణ ఒడ్డున అంతకు తీసిపోని కరువు వచ్చింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది గనుక నందన కరువు అన్నారు, 1832-33. ఒక్క గుంటూరు జిల్లాలో ఉన్న ఐదు లక్షల జనంలో రెండు లక్షలమంది పోయారని చరిత్రకారులు రాశారు. పక్కనే కృష్ణ పారుతూనే ఉంది, నీళ్ళు పొలానికి ఎక్కే దారి లేదు. ఆ తర్వాతే ఆనకట్ట మాట గట్టిపడింది. కాటన్ దొర ఆలోచనతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలై 1855లో ఇంద్రకీలాద్రికీ సీతానగరానికీ మధ్య ఆనకట్ట లేచింది. వన్ టౌన్ పక్కనే ఉన్న గాంధీ కొండకు పాత పేరు ఓర్ కొండ. ఆనకట్ట తర్వాత డెల్టా అంతా వరి. మూడు పూటలా తెల్లన్నం మనకూ అలవాటైంది. ఐర్లండుకు దుంప ఎలాగో మనకు బియ్యం అలాగ! కరువు తీరినందుకు ఆ చల్లని నీటికి దణ్ణం పెట్టుకోవాల్సిందే. కానీ ఇవాళ ఇంటికొక చక్కెర జబ్బు ఉంటోంది గనుక, కంచంలో ఒకే వస్తువు కుప్ప పడకుండా చూసుకోమని ఐర్లండు కథ మనకూ చెబుతోంది.

మరి ఈ పై మన బెజవాడకు ఎలా వచ్చింది? ఇంగ్లీషువాళ్ళు 1611లోనే మన బందరులో దిగారు. అప్పటి నుంచీ వాళ్ళ ఇళ్ళల్లో వంటశాల ఒకటి ఉంటూనే ఉంది. దాన్ని మనవాళ్ళు కుశిని అనేవారు. ఈ మాట కూడా పోర్చుగీసువాళ్ళదే. అయితే బెజవాడలో దొరల వంటకు గిరాకీ తెచ్చింది మాత్రం రైలు. 1889లో నిజాం రైలు సికిందరాబాదు నుంచి బెజవాడకు వచ్చింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడింది. 1890లు ముగిసేసరికి మద్రాసుకూ, కలకత్తా వైపుకూ, హైదరాబాదుకూ ఇక్కణ్ణించే దారులు. జంక్షను పెరిగింది, లోకో షెడ్లు వచ్చాయి, రైల్వే క్వార్టర్లు లేచాయి. ఇంజను డ్రైవర్లుగా, గార్డులుగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు వచ్చాయి.

వాళ్ళ వంట అటు లండనుదీ కాదు, ఇటు మనదీ కాదు. రెండింటి మధ్య పట్టాలేసుకుని నడిచిన వంట. కైమాలో అల్లం వెల్లుల్లి పడింది, పచ్చిమిరపకాయ పడింది, మిరియాలు పడ్డాయి. కైమాను మెదిపిన దుంపలో పెట్టి, బిళ్ళలుగా చేసి, రొట్టెపొడిలో దొర్లించి వేయిస్తే పొటేటో చాప్ అన్నారు. అంటే ఏమిటి? షెపర్డ్స్ పైనే తిరగేసి, ముద్ద చేసి, చేత్తో పట్టుకు తినేలా మార్చడం. రైలు ప్రయాణంలో మనమంతా తిన్న వెజిటబుల్ కట్‌లెట్ దానికి శాకాహారి చెల్లెలు. కాబట్టి నేను షెపర్డ్స్ పై ఎప్పుడూ రుచి చూడలేదని ఎవరైనా అంటే నమ్మను. దాని చుట్టాలందరినీ బెజవాడ స్టేషన్లో మీరు పలకరించే ఉంటారు.

మద్రాసు రాజధానిలో దొరసానులు వంటిల్లు ఎలా నడపాలో చెబుతూ కెన్నీ హెర్బర్ట్ అనే సైనికాధికారి 1878లో ఒక పుస్తకం అచ్చు వేశాడు. మన కృష్ణా జిల్లా కూడా అప్పుడు మద్రాసు రాజధానిలోదే. ఆ పుస్తకంలో వంటవాడి పేరు ఎక్కడ చూసినా 'రామసామి'యే. ఒక మనిషి పేరు కాదది, వంటవాళ్ళందరికీ కలిపి తగిలించిన పేరు. దొర వంటను మన పొయ్యి మీద చేసి చూపించిన ఆ చేతుల అసలు పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్ళకు ఓవెను లేకపోయినా వంట ఆగలేదు. గిన్నె కింద నిప్పులు, మూత మీద నిప్పులు. మన అమ్మమ్మలు దిబ్బరొట్టె కాల్చిన పద్ధతీ అదేగా! మినప్పిండి మందంగా పోసి, మూత మీద బొగ్గులు పేర్చి, సన్న సెగ మీద వదిలేస్తే పైనా కిందా ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా వచ్చేది.

నాకు ఈ పైని మొదట చూపించింది వన్ టౌన్ రైల్వే క్వార్టర్లలో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ టీచరమ్మగారు. 1960లలో మాట. మా నాన్నగారు రైల్వే గుమాస్తా కావడం వల్ల ఆ ఇంటికి రాకపోకలుండేవి. మా అమ్మ ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగేది కాదు గాని, గుమ్మంలో కూర్చుని గంటలకొద్దీ కబుర్లు చెప్పేది. ఒక సోమవారం సాయంత్రం టీచరమ్మగారు పళ్ళెంలో పై పట్టుకొచ్చి బల్ల మధ్య పెట్టారు. గార్డుగారూ, ముగ్గురు పిల్లలూ, ముసలి అత్తగారూ అందరూ చుట్టూ కూర్చున్నారు. ఆవిడా కూర్చున్నారు.

"ఏం వంటండీ ఇది?" అంది మా అమ్మ.

"ఏముందమ్మా, నిన్నటి మిగులు" అన్నారావిడ నవ్వుతూ, తన రైల్వే తెలుగులో. "కాస్త మటన్ మిగిలింది. పిల్లలకి సరిపోదు. దుంప వేసి కప్పేశాను. ఇప్పుడు అందరికీ సరిపోతది."

"మిగిలింది మీరు తినెయ్యచ్చుగా?"

"నేనొక్కదాన్నే ఎందుకు తినాలమ్మా? మిగిలితే అందరికీ మిగిలినట్టే."

ఇంటికి వస్తూ మా అమ్మ దారంతా మాట్లాడలేదు. మాంసం సంగతి కాదు ఆవిడ ఆలోచించింది. మా ఇంట్లో మిగిలిన పప్పూ, అడుగంటిన కూరా, నిన్నటి పులుసూ ఎవరు తినేవారు? అందరి భోజనాలూ అయ్యాక, గిన్నెలు దగ్గరకు లాక్కుని, పారెయ్యడానికి మనసొప్పక అమ్మే తినేది. మీ ఇంట్లోనూ అంతేననుకుంటాను. మనం దాన్ని పొదుపు అన్నాం, త్యాగం అన్నాం. ఎప్పుడూ ఒంటి మీదకు వచ్చే బరువు అనలేదు. నడివయసు దాటాక ఇల్లాలికి వచ్చే ఒళ్ళూ, ఆయాసమూ, మోకాళ్ళ నొప్పీ కొంతవరకు ఆ గిన్నెల అడుగుల్లోనే ఉన్నాయి. పారేస్తే పాపం, తింటే భారం. ఆ రెండింటి మధ్య టీచరమ్మగారు చూపించింది మూడో దారి: మిగిలినదాన్ని మళ్ళీ వంటగా చేసి బల్ల మీదకు తేవడం.

ఆ కుటుంబం 1960ల చివర్లో ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది. వాళ్ళొక్కరే కాదు, ఆ రోజుల్లో చాలామంది వెళ్ళిపోయారు. రైల్వే, తంతి, కస్టమ్స్ ఉద్యోగాల్లో ఆంగ్లో ఇండియన్లకు రాజ్యాంగం ఇచ్చిన ప్రత్యేక సదుపాయం రెండేళ్ళకోసారి తగ్గుతూ 1960కి ముగిసిపోయింది. ఉద్యోగం మీద నమ్మకం పోతే ఊరి మీద మమకారం ఎంతకాలం ఆపుతుంది? శాసనసభల్లో వాళ్ళకు నామినేట్ చేసే స్థానం కూడా రాజ్యాంగ సవరణతో 2020 జనవరి నుంచి లేకుండా పోయింది. మనుషులు తగ్గిపోయారు, చాపులూ కట్‌లెట్లూ మాత్రం మన బేకరీ అద్దాల వెనక ఉండిపోయాయి.

సరే, బరువు ఎక్కడ ఎక్కింది? పూరింటి వంట క్లబ్బులకూ, హోటళ్ళకూ ఎక్కినప్పుడు. అక్కడ వడ్డించేది మిగులు కాదు, వెలకట్టిన పళ్ళెం. కాబట్టి దుంపలో వెన్న కలిసింది, మీగడ కలిసింది, పైన చీజ్ తురుము పడింది, కింద కైమా రెట్టింపైంది. ఈ లెక్క చూడండి. ముప్పావు కిలో పైన, అంటే 800 గ్రాముల దుంపలో సుమారు 615 క్యాలరీలు ఉంటాయి. అందులో కలిపే 100 గ్రాముల వెన్నలో ఒక్కదాంట్లోనే 720! పైన చల్లే 100 గ్రాముల చీజ్‌లో మరో 400. పాపం దుంపను ఆడిపోసుకుంటాం గాని, దానిలో ఐదింట నాలుగు వంతులు నీళ్ళే. బరువంతా దాని మీద ఎక్కి కూర్చున్నవాళ్ళది.

దీన్ని తేలిక చేసిన అనుభవం కూడా చరిత్రలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో మాంసానికీ, వెన్నకూ రేషను పెట్టారు. 1941లో అక్కడి ఆహార మంత్రి ఉల్టన్ ప్రభువు పేరుతో ఒక పై ప్రచారంలోకి వచ్చింది. లండనులోని సవాయ్ హోటలు పెద్ద వంటవాడు తయారుచేశాడు. అందులో మాంసం లేదు. దుంప, కాలీఫ్లవరు, క్యారెట్టు, టర్నిప్ జాతి దుంప ఒకటి సమానంగా వేసి, చిక్కదనానికి కాస్త ఓట్స్ జావ కలిపి, పైన మూత కప్పేవారు. జనం దాని మీద జోకులు వేసుకున్నారు, తినీ తిన్నారు. అక్కడ మాంసం మీద రేషను 1954 దాకా సాగింది. ఉన్నది అందరికీ పంచడం వల్ల యుద్ధంలో కూడా అక్కడ ఆకలి చావులు రాలేదు. అదే ఇంగ్లీషు ప్రభుత్వం కింద, 1943లో, మన దుంపకు పేరిచ్చిన బంగాళంలో సుమారు ముప్ఫై లక్షలమంది కరువుకు బలైపోయారు. అక్కడ అందరికీ సరిపెట్టిన చెయ్యి ఇక్కడ సరిపెట్టలేదు. వంటల చరిత్ర రాసేవాళ్ళు ఈ ముక్క దాచకూడదని నా అభిప్రాయం.

ఇక వంట. నలుగురికి కొలత చెబుతాను. కాళేశ్వరరావు మార్కెట్టుకు ఒక్కసారి వెళ్ళొస్తే అన్నీ దొరుకుతాయి. బంగాళాదుంపలు 400 గ్రాములు, కాలీఫ్లవరు 250 గ్రాములు, కైమా పావుకిలో. శాకాహారులకు కైమా బదులు ఒక కప్పు మైసూరు పప్పు, అదే ఎర్రగా ఉండే మసూరు పప్పు. ఉల్లిపాయలు రెండు, క్యారెట్లు రెండు, గుప్పెడు బీన్సు, అరకప్పు పచ్చి బఠాణీలు, టమాటాలు రెండు, అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు పచ్చిమిరపకాయలు, మిరియాల పొడి.

బాణలిలో రెండు చెంచాల నూనె వేసి ఉల్లిపాయలు ఎర్రబడేదాకా వేయించి, అల్లం వెల్లుల్లీ, పచ్చిమిరపకాయా వెయ్యండి. కైమా వేస్తే దాని కొవ్వు అదే వదులుతుంది, ఇంకా నూనె పొయ్యకండి. సన్నగా తరిగిన కూరముక్కలూ, టమాటా వేసి, కాసిని నీళ్ళు పోసి మూత పెట్టి ఉడికించండి. పప్పు వేసేవాళ్ళు దాన్ని విడిగా పలుకు మీద ఉడికించి చివర్లో కలపండి. మెత్తబడితే పప్పుకూర అవుతుంది గాని పై అవదు. నీరంతా ఇగిరి కూర దగ్గరపడాలి. గరంమసాలా గుప్పించకండి, మిరియమే దీనికి అందం. నిన్నటి కూర మిగిలి ఉంటే, పులుపు లేనిదైతే, నిరభ్యంతరంగా ఇందులో కలిపెయ్యండి. అసలు దీని పుట్టుకే అందుకు!

దుంపల్నీ, కాలీఫ్లవరునీ ఉప్పునీళ్ళలో ఉడికించి, నీళ్ళు వంచేసి, అదే గిన్నెలో సన్న సెగ మీద రెండు నిమిషాలు తడి ఆరనివ్వండి. పప్పుగుత్తితో మెదిపి, పావుకప్పు గోరువెచ్చని పాలూ, ఒక్క చెంచా వెన్నా, ఉప్పూ, మిరియాల పొడీ కలపండి. వేడి మీదే మెదపాలి. చల్లారాక మెదిపితే జిగురు సాగుతుంది. ఓవెన్ ఉన్నవాళ్ళు పళ్ళెంలో కూర పరిచి, పైన దుంప కప్పి, ఫోర్కుతో చాళ్ళు గీసి కాల్చుకోండి. దుక్కి దున్నినట్టున్న ఆ గట్లే ముందు ఎర్రబడతాయి.

ఓవెన్ లేనివాళ్ళకు దిబ్బరొట్టె కిటుకు ఉంది. మందపాటి బాణలికి రెండు చెంచాల నూనె రాసి, దుంప ముద్ద అడుగున పరవండి. దాని మీద కూర సర్ది అదమండి. మూత పెట్టి సన్న సెగ మీద ఇరవై నిమిషాలు వదిలెయ్యండి. అడుగు ఎర్రబడిన కమ్మటి వాసన రాగానే దించి, ఐదు నిమిషాలాగి, పళ్ళెం బోర్లించి తిప్పండి. కింద పరిచిన దుంప ఎర్రటి అట్టుతో పైకొస్తుంది. పాతలెక్కలో పైపొర ఒక్కటే 1,700 క్యాలరీలు దాటితే, ఈ లెక్కలో మూడో వంతుకు దిగుతుంది. తిన్నాక రాయి మింగినట్టూ ఉండదు.

పక్కన కీరదోసకాయ పచ్చడో, పెరుగో ఉంటే చాలు. దీంతోపాటు మళ్ళీ అన్నం కుప్ప పెట్టకండి, దుంప ఉన్నచోట అన్నం సగానికి తగ్గాలి. ఇంకొక్క సంగతి. ఈ పళ్ళెం వంటింట్లో ఉంచేసి, అందరి భోజనాలూ అయ్యాక మిగిలినంత మీరు తిందామనుకోకండి. చాకుతో ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ముక్కలు ముందే గీసెయ్యండి. ఆ ముక్కల్లో ఒకటి మీది. వేడిగా ఉండగానే, అందరితో కలిసి, కూర్చుని తినండి.